స్టేజీకి ఏ గిటార్: రెండిట్లో ఒకటి తేల్చుకోవడం ఎలా

కొట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకుని మీటి, ఏది చెవికి ఇంపుగా ఉంటే అది కొనేస్తారు చాలామంది. స్టేజీ మీద వాయించాలనుకునేవాళ్లు అలా కొనొద్దు. ఒళ్లో మోగే శబ్దం మీకు వినిపిస్తుంది, పక్కన నిలబడ్డ మనిషికి వినిపిస్తుంది, అంతే. ఫంక్షన్ హాల్లో వెనక వరుసలో కూర్చున్నాయనకి చేరేది గిటార్ లోపలి పికప్ (తీగల ఊపుని కరెంటు సంకేతంగా మార్చే చిన్న పరికరం) పట్టుకున్న శబ్దం, అది వైరు గుండా మిక్సర్‌కి వెళ్లి, అక్కడ ఆపరేటర్ చెయ్యి పడి, స్పీకర్ బాక్సుల్లోంచి బయటికి వచ్చేది. రెండు గిటార్ల మధ్య తేల్చుకునేటప్పుడు పోటీ పెట్టాల్సింది ఆ శబ్దాల మధ్యే.

నేను పన్నెండేళ్లుగా నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు రిసెప్షన్లలో వాయిస్తున్నా, డిసెంబర్ వచ్చిందంటే నెలంతా చర్చిల్లో, చవితికి పందిళ్లలో. మొదట్లో నా దగ్గరున్నది డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ రకం గిటార్. ఇంట్లో దాని మోత వింటే మనసు నిండిపోయేది. కావలిలో ఒక రిసెప్షన్‌కి అదే పట్టుకెళ్లా. స్టేజీకి అటూ ఇటూ బేస్ బాక్సులు, వాటికి నాలుగడుగుల దూరంలో నేను. మొదటి పాటలోనే జీ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేది) పట్టుకోగానే గుమ్మ్‌మని మొదలైంది, చెయ్యి తీసేసినా ఆగలేదు, అరచేత్తో తీగలన్నీ నొక్కి పట్టినా ఆగలేదు. పాడే అమ్మాయి నావైపు తిరిగి చూసింది. ఆపరేటర్ మిక్సర్ మీద నా గిటార్ వాల్యూమ్ మీట పూర్తిగా దించేశాడు, ఆ తర్వాత రెండు గంటలూ నేను వాయించింది నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆ రాత్రి ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర పట్టలేదు.

అది ఎందుకు జరిగిందో అర్థమైతే సగం ఎంపిక అయిపోయినట్టే, అందుకే కొంచెం వివరంగా చెప్తా. గిటార్ అంటే బోలు డబ్బా. లోపలి గాలికి తనదంటూ ఒక శ్రుతి ఉంటుంది, డ్రెడ్‌నాట్ సైజులో అది సుమారు 100 హెర్ట్జ్ (సెకనుకి వంద ఊపులు) దగ్గర. అన్నిటికంటే లావు తీగని మూడో ఫ్రెట్‌లో (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతల్లో మూడోదాని దగ్గర) నొక్కితే వచ్చే జీ 98 హెర్ట్జ్, దాని పక్క తీగని ఊరికే మీటితే వచ్చే ఏ 110 హెర్ట్జ్. అంటే మనం రోజూ వాయించే స్వరాలే డబ్బా శ్రుతికి పక్కపక్కనే ఉన్నాయి. బాక్సుల్లోంచి ఆ స్వరం గట్టిగా వచ్చి డబ్బాని ఊపుతుంది, ఆ ఊపుని పికప్ పట్టుకుని మళ్లీ బాక్సులకే పంపుతుంది, అది ఇంకా గట్టిగా వచ్చి ఇంకా ఊపుతుంది. అదే ఆ గుమ్ము. డబ్బా ఎంత పెద్దదైతే అంత తేలిగ్గా ఊగుతుంది.

డ్రెడ్‌నాట్ అనే పేరు 1906 నాటి బ్రిటిష్ యుద్ధనౌకది. ఆ పేరుతో మార్టిన్ కంపెనీ ఈ పెద్ద బాడీని 1916లో తయారుచేసింది, అప్పటికి గిటార్‌కి పికప్పూ లేదు, బాక్సులూ లేవు. గొంతు పక్కన గిటార్ కూడా గట్టిగా వినపడాలంటే డబ్బా పెద్దది కావాల్సిందే. ఇప్పుడు ఆ గట్టిదనం బాక్సుల నుంచి వస్తోంది కాబట్టి, అప్పుడు దాన్ని గొప్పదాన్ని చేసిన గుణమే పెద్ద సౌండ్ ఉన్న స్టేజీ మీద మనకి బరువవుతుంది. అలాగని డ్రెడ్‌నాట్ వద్దనడం లేదు, ఎక్కడ వాయిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మా అక్క కొడుకు ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు ఫోన్ చేసి, "మామా, రెండు చూసి పెట్టుకున్నా, ఏది తీసుకోమంటావు" అన్నాడు. ఒకటి ఫెండర్ సీడీ-60ఎస్‌సీఈ, డ్రెడ్‌నాట్, టాప్, అంటే డబ్బా ముందు భాగం, ఒకే పలక సాలిడ్ స్ప్రూస్ చెక్క. రెండోది యమహా ఏపీఎక్స్ 600, బాడీ పల్చన, టాప్ పొరలు అతికించిన చెక్క. రెంటికీ పికప్ ఉంది, ట్యూనర్ ఉంది, పై ఫ్రెట్ల దాకా చెయ్యి వెళ్లేలా బాడీకి కటవే అనే కోత ఉంది. వీడియోల్లో వింటే డ్రెడ్‌నాటే బాగుందన్నాడు. వీడియోల్లో అలాగే ఉంటుందిరా, అక్కడ ముందు మంచి మైకు పెట్టి రికార్డ్ చేస్తారు, ముందు నువ్వు ఎక్కడ వాయిస్తావో చెప్పు అన్నా. ఆదివారం చర్చిలో, కీబోర్డూ తబలా పక్కన, అప్పుడప్పుడు కాలేజీలో ఒక్కణ్నే పాడుతూ, అన్నాడు. ఆ జవాబు రాసిపెట్టుకోమన్నా. మీరూ రాసుకోండి: మీతో పాటు ఇంకా ఎవరు వాయిస్తారు, బాక్సులు ఎంత దగ్గర, మీరు కూర్చుంటారా నిలబడతారా, లోపలా ఆరుబయటా.

ఆన్‌లైన్‌లో కొనకుండా వెళ్లి చూడమని నా సలహా. మనవైపు వాళ్లకి చెన్నై దగ్గరే, వాడు ఒంగోలులో పినాకిని రైలు ఎక్కాడు, నేను నెల్లూరులో ఎక్కా. అన్నాశాలైలో 1842 నుంచి నడుస్తున్న మ్యూసీ మ్యూజికల్ లాంటి పెద్ద కొట్లు ఉన్న ఊరు, రెండు మోడళ్లూ ఒకేచోట పక్కపక్కన దొరికే అవకాశం అక్కడ ఎక్కువ. వెళ్లేటప్పుడు మీ కేబుల్, మీ పిక్ (తీగలు మీటే బిళ్ల), మీ కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్‌లో నొక్కిపట్టే క్లిప్పు), మీ స్ట్రాప్ తీసుకెళ్లండి. కొట్టువాళ్ల కేబుల్‌తో వాయించి చూస్తే తేడా గిటార్‌దో కేబుల్‌దో తెలియదు.

ముందు ఆంప్ (శబ్దం పెంచే ఆంప్లిఫయర్) లేకుండా చూడాల్సినవి చూసేయండి, అయిదు నిమిషాల పని. తీగని పన్నెండో ఫ్రెట్ దగ్గర తాకీ తాకనట్టు పెట్టి మీటితే వచ్చే స్వరం, అదే ఫ్రెట్‌లో నొక్కి మీటితే వచ్చే స్వరం ట్యూనర్‌లో ఒకేలా ఉండాలి. తీగ ఎత్తు పన్నెండో ఫ్రెట్ మీద లావు తీగ దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల లోపు, సన్న తీగ దగ్గర రెండు లోపు ఉంటే హాయిగా ఉంటుంది. ఎక్కువుంటే సాడిల్ (డబ్బా మీద తీగలు ఆనే సన్న పట్టీ) అరగదీసి తగ్గించొచ్చు, దానికోసం మంచి గిటార్ వదులుకోనక్కర్లేదు. కాపో రెండో ఫ్రెట్‌లో పెట్టి కార్డులన్నీ పట్టి చూడండి. రెంటి మీదా ఉన్న స్ట్రింగ్స్ కూడా చూడాలి, ఒకదాని మీద కొత్తవి, ఇంకోదాని మీద ఆర్నెల్ల తుప్పువి ఉంటే ఆ పోలికకి విలువ లేదు. మార్చమని అడగండి, కొనేవాడు అడిగితే సాధారణంగా కాదనరు.

ఇక అసలు పరీక్ష. రెండిటినీ ఒకే ఆంప్‌కి, ఒకే కేబుల్‌తో పెట్టండి. గిటార్ మీది బేస్, మిడ్, ట్రెబుల్ అన్నీ మధ్యలో, ఆంప్ మీదివీ మధ్యలో. ఒక్కో తీగనీ ఒకే బలంతో విడివిడిగా మీటండి, ఆరూ సమానంగా వస్తున్నాయా? సాడిల్ కింద ఉండే పికప్ మీద తీగల ఒత్తిడి సరిగ్గా పడకపోతే ఒక తీగ, ఎక్కువగా రెండోదో మూడోదో, నీరసంగా వస్తుంది. ఒళ్లో వాయించినప్పుడు ఇది అస్సలు తెలియదు, స్టేజీ మీద పిక్కింగ్ చేసేటప్పుడు ఒక స్వరం మింగేసినట్టు ఉంటుంది. జాక్ దగ్గర కేబుల్‌ని మెల్లగా కదిపి చూడండి, చిటపటమంటే ఆ పీస్ పక్కన పెట్టమనండి.

తర్వాత గిటార్ మీ స్నేహితుడికిచ్చి మీరు దూరం వెళ్లి, వీలైతే ఇరవై అడుగులు, వీపు తిప్పి నిలబడండి. ఏది వాయిస్తున్నాడో చెప్పకూడదు. మా వాడి చేత నేను ఇలాగే చేయించా, డ్రెడ్‌నాటే బాగుంటుందని అంత గట్టిగా నమ్మినవాడు మూడుసార్లలో రెండుసార్లు పల్చటిదాన్నే ఎంచుకున్నాడు. ఆంప్‌లోంచి వచ్చేసరికి ఆ పెద్ద డబ్బా తేడా చాలావరకు కరిగిపోతుంది. కార్డులు బాదేటప్పుడు కాదు, మెల్లగా వేళ్లతో వాయించినప్పుడు మాత్రం సాలిడ్ టాప్ గాఢత కొంచెం వినిపించింది, దాన్నీ లెక్కలో వేసుకున్నాం.

చివర్న ఆంప్‌కి ఎదురుగా ఆరేడు అడుగుల్లో నిలబడి, తీగల మీద అరచెయ్యి ఆనించి, వాల్యూమ్ కొద్దికొద్దిగా పెంచండి. ఏది ముందు గుమ్మంటుంది, ఏ గుర్తు దగ్గర మొదలవుతుంది, రెండిటికీ రాసుకోండి. కొట్టువాళ్లకి ముందే చెప్పి చెయ్యండి, లేకపోతే కంగారుపడతారు. గిటార్ మీద ఫేజ్ అని బటన్ ఉంటే ఆ గుమ్ము మొదలైనప్పుడు నొక్కి చూడండి, కొన్నిసార్లు వెంటనే తగ్గుతుంది. నాచ్ అనే నాబ్ ఉంటే ఇంకా మంచిది, సరిగ్గా గుమ్మనే స్వరం దగ్గరే కోసేస్తుంది. ఈ పరీక్షలో పల్చటి బాడీ తేలిగ్గా నెగ్గింది.

స్ట్రాప్ వేసుకుని కనీసం పావుగంట నిలబడి వాయించడం మర్చిపోవద్దు. డ్రెడ్‌నాట్ లోతు కుడి భుజాన్ని పైకెత్తుతుంది, కూర్చుంటే తెలియదు, మూడు గంటల ఆర్కెస్ట్రాలో తెలుస్తుంది. మెడ దగ్గర రెండో స్ట్రాప్ బటన్ ఉందో లేదో కూడా చూసుకోండి.

బ్యాటరీ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ మన జిల్లాల్లో తిరిగేవాళ్లకి ఇది పెద్ద విషయం. కొన్ని గిటార్లకి 9 వోల్టుల చదరం బ్యాటరీ, కొన్నిటికి మామూలు పెన్సిల్ సెల్స్. ఏపీఎక్స్‌లో పెన్సిల్ సెల్స్ రెండు. పల్లెలో రాత్రి తొమ్మిదింటికి చదరం బ్యాటరీ కోసం తిరిగి చూశా, దొరకలేదు, పెన్సిల్ సెల్స్ మాత్రం ఏ చిల్లర కొట్లోనైనా దొరుకుతాయి. చాలా గిటార్లలో కేబుల్ గుచ్చితేనే ప్రీఆంప్ (పికప్ శబ్దాన్ని పెంచే లోపలి సర్క్యూట్) ఆన్ అవుతుంది, కాబట్టి టిఫిన్‌కి వెళ్లేటప్పుడు కేబుల్ పీకేసి వెళ్లండి, లేకపోతే ఊరికే అయిపోతుంది.

వాతావరణం సంగతి. మనది సముద్రం పక్క జిల్లా, గాలిలో తేమ, ఉప్పు. సాలిడ్ చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, పొరల చెక్క ఇంత కదలదు. మైపాడు బీచ్ దగ్గర సాయంత్రం వాయించి తుడవకుండా పెట్టేస్తే వారానికే స్ట్రింగ్స్ మీద మచ్చలు. కోటింగ్ ఉన్న స్ట్రింగ్స్ ఖరీదెక్కువైనా ఇక్కడ గిట్టుబాటే. క్రిస్మస్ ప్రోగ్రాంలు ఆరుబయట రాత్రిపూట మంచులో జరుగుతాయి, ఏసీ హాల్లోంచి బయటికి తెస్తే శ్రుతి జారుతుంది, పావుగంట ముందే బయట పెట్టి ఉంచండి. మే నెలలో కారులో వదలడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, జిగురు మెత్తబడి, డబ్బా మీద తీగలు బిగించే బ్రిడ్జ్ లేచిపోతుంది. సాలిడ్ టాప్ కొంటే ఈ జాగ్రత్తలన్నీ నిజంగా తీసుకోగలరా అని మిమ్మల్ని మీరు అడగండి.

మరి మేం ఏం తేల్చామంటే, వాడు డ్రెడ్‌నాటే తీసుకున్నాడు. వాడి చర్చిలో బాక్సులు గోడల మీద దూరంగా ఉంటాయి, డ్రమ్స్ లేవు, పక్కన తబలా మాత్రమే, ఒక్కడే పాడేటప్పుడు ఆ అడుగు స్వరాల నిండుదనం వాడి గొంతుకి ఆసరా. గుమ్ము రాకుండా సౌండ్‌హోల్‌కి (డబ్బా ముందుండే గుండ్రటి రంధ్రానికి) రబ్బరు మూత ఒకటి కొనిపించా, కొన్ని వందల రూపాయలే. నేనైతే పల్చటిదే ఎంచుకుంటా. నా పక్కన ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), కీబోర్డ్, బేస్ గిటార్ ఉంటాయి, కింది స్వరాలు వాళ్లు నింపేశాక నా గిటార్ నుంచి కావాల్సింది పైన గలగలమనే లయ మాత్రమే. పైగా బాలు గారి సొంతూరు నెల్లూరు, ఏ రిసెప్షన్‌కి వెళ్లినా ఆయన పాటలే అడుగుతారు, ఆ పాటల్లో గొంతు మాట స్పష్టంగా వినపడాలి, కింద గిటార్ బురదలా పరుచుకుంటే ఎవరికీ నచ్చదు.

ఏది కొన్నా డీఐ బాక్స్, అంటే గిటార్ శబ్దాన్ని మైకు కేబుల్‌లో పంపేలా మార్చే చిన్న డబ్బా, ఒకటి సొంతంగా ఉంచుకోండి. గిటార్ కేబుల్ మరీ పొడుగైతే హమ్ (కరెంటు గుయ్‌మనే రొద) పట్టుకునే అవకాశం ఎక్కువ, జనరేటర్ మీద నడిచే పందిట్లో అయితే మరీను. డీఐ పెడితే అక్కణ్నుంచి మిక్సర్ దాకా మైకు కేబుల్‌తో వంద అడుగులైనా ఇబ్బంది లేకుండా వెళ్తుంది. హమ్ ఉంటే దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ నొక్కండి. మైక్‌సెట్ అన్నతో పాట మొదలవ్వకముందే మాట్లాడి, "అన్నా, గిటార్‌కి 100 హెర్ట్జ్ కింద కట్ చెయ్, బేస్ కొంచెం తగ్గించు, మానిటర్ (వాయించేవాళ్లకి వినిపించే బాక్సు) నా వీపు వెనక కాకుండా ముందు పెట్టు" అని చెప్పండి. మర్యాదగా ముందే చెప్తే చేస్తారు. కావలిలో నేను ఇవేవీ అడగలేదు, నాకు అప్పటికి తెలియదు.

బిల్లు వేయించేముందు మీరు వాయించి చూసిన పీసే ప్యాక్ చేయమనండి, స్టాక్‌లోంచి కొత్త డబ్బా తెస్తామంటే ఒప్పుకోవద్దు, ఒకే మోడల్‌లో రెండు పీసులు ఒకేలా ఉండవు. సీరియల్ నంబర్ ఫోన్‌లో ఫొటో తీసుకుని వారంటీ కార్డుతో సరిచూడండి. కేసు విషయంలో, బస్సులో రైల్లో తిరిగేవాళ్లయితే గిటార్‌తో ఉచితంగా ఇచ్చే పల్చటి సంచి నమ్ముకోకండి, కనీసం అంగుళం మందం ఫోమ్ ఉన్నది తీసుకోండి. మా వాడు తిరుగు రైల్లో ఒంగోలు దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు, పైన బెర్తు మీద పెట్టరా అన్నా వినలేదు.