తీన్‌తాల్‌లో సమం ప్రతిసారీ ఒక మాత్ర తప్పుతుంటే

తీన్‌తాల్ హిందుస్తానీ సంగీతంలో పదహారు మాత్రల (లెక్కల) తాళం. ఆ తాళంలో పాడే ఖయాల్ అనే గానాన్ని చేత్తో తాళం వేస్తూ వింటున్నారు. లెక్క బాగానే నడుస్తున్నట్టుంటుంది. తీరా గాయకుడు ముఖడా (పాట ఎత్తుగడ) అందుకుని సమం (తాళం చుట్టులో మొదటి మాత్ర) మీద వాలేసరికి మీరింకా పదహారో మాత్రలోనే ఉంటారు. తర్వాతి ఆవర్తంలోనూ (చుట్టులోనూ) అంతే.

ముందు ఇది చూడండి

ఠేకాను, అంటే ఆ తాళానికి తబలా మీద వాయించే దెబ్బల వరసను, నోటితో పలికారా? అంకెలు లెక్కపెట్టడం కాదు, బోల్స్ (ఆ దెబ్బల పేర్లు) పలకాలి. ఎన్నిసార్లు చెప్పినా అందరూ వదిలేసేది దీన్నే. తబలాతో పాటు గొంతు విప్పి పది ఆవర్తాలు పలకండి:

ధా ధిన్ ధిన్ ధా | ధా ధిన్ ధిన్ ధా | ధా తిన్ తిన్ తా | తా ధిన్ ధిన్ ధా

సగం మందికి ఇక్కడే సర్దుకుంటుంది. వింటున్నది తీన్‌తాలేనా అన్నదీ ఇక్కడే తేలిపోతుంది.

అయినా తప్పుతుంటే

1, 5, 13 మీద తాళి (చప్పట్టు), 9 మీద ఖాళీ (చప్పట్టు లేకుండా చెయ్యి తిప్పే చోటు) అని మీకు తెలుసు. ఖాళీ అంటే బాయా (తబలా జంటలో ఎడమ చేత్తో వాయించే, గుమ్మనేది) ఆగుతుందనీ విని ఉంటారు. కర్ణాటక సంగీతం విని పెరిగిన మనకు ఇది గొప్ప ఊరట. ఆదితాళంలో చెయ్యి తిప్పే చోట మృదంగం గుమికి (ఎడమ వైపు గుమ్మనే నాదం) మానాలన్న నియమం లేదు కదా. అందుకే తబలా వినగానే చెవి బాయా మీదికే పోతుంది. గుమ్మనే నాదం ఆగిన చోటును తొమ్మిది అనుకుంటాం.

తప్పంతా అక్కడే ఉంది. తొమ్మిదిలో ఉన్నది ‘ధా’. ధా అంటే రెండు చేతులూ కలిసి పడే దెబ్బ, అందులో బాయా ఉంది. బాయా మౌనంగా ఉండేది 10, 11, 12, 13 మాత్రల్లో. మళ్లీ పలికేది 14లో. ఆ మౌనం కూడా సరిగ్గా నాలుగు మాత్రలే కావడంతో, అదే ఖాళీతో మొదలయ్యే విభాగమని (9-12) చెవి నమ్మేస్తుంది. పదిని తొమ్మిదనుకున్నాక మీ సమం రెండో మాత్ర మీద పడక తప్పదు.

నేను ఏడాదికి పైగా ఇలాగే విన్నాను. చివరికి ఒక ఇంటి కచేరీలో పక్కనున్న పెద్దాయన నా మణికట్టు పట్టుకుని పదమూడు మీద నెమ్మదిగా తట్టారు. బాయా ఇంకా రాలేదు, తాళి మాత్రం పడింది. ఆ ఒక్క తట్టుతో లెక్క కుదిరింది.

బాయాను వదిలేసి జంటల్ని పట్టుకోండి. విభాగాలు కలిసే ప్రతిచోటా ఒకే బోల్ రెండుసార్లు వస్తుంది: 4-5లో ధాధా, 8-9లో ధాధా, 12-13లో తాతా, 16-1లో మళ్లీ ధాధా. జంటలో రెండోదే కొత్త విభాగానికి మొదలు. గుమ్మనకుండా టకటకమనే జంట తాతా ఒక్కటే. అది వినబడితే రెండో ‘తా’ మీద చప్పట్లు కొట్టండి. ఆ తర్వాతి ధాధాలో రెండో ‘ధా’ సమం.

మిగతావి

రూపక్ అయితే ఏడు మాత్రలు, మిశ్రచాపులా 3-2-2 నడక. సమం మీదే ఖాళీ, కాబట్టి అక్కడ గుమ్మనే దెబ్బ కోసం వెతక్కండి. విలంబిత్ (నెమ్మది లయ) ఏక్‌తాల్‌లో 4, 10 మాత్రల తిరకిట మీ గుర్తు. తబలా సోలోలో దారి తప్పితే తబలాను కాదు, లెహరా (ఆవర్తం పొడవునా తిరిగి తిరిగి వచ్చే రాగపు వరస) వాయించే సారంగినో హార్మోనియంనో వినండి. తబలా వాద్యకారుడే లయ తప్పాడేమోనన్న అనుమానం చాలా అరుదుగా నిజమవుతుంది. దాన్ని చిట్టచివర చూసుకోవచ్చు.