ఫ్లోరైడ్ ప్రాజెక్టు బాగుంది, కానీ ఈ ఫోటో ఎక్కడిది?

నల్లగొండ వైపు డిగ్రీ విద్యార్థులకు పీపీటీనో వీడియోనో చేయమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది తాగే నీళ్లలో ఎక్కువైతే ఎముకలు వంగిపోయేలా చేసే ఫ్లోరైడే. మన నీళ్ల కథ మన పిల్లలే చెప్పాలి కాబట్టి మంచిదే. మార్కులు పోయేది మాత్రం ఎక్కువగా విషయం దగ్గర కాదు, దాన్ని ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పకపోవడం దగ్గర.

సమస్య: ఫోటో కింద "సోర్స్: గూగుల్" అని రాస్తే సార్ ఒప్పుకోలేదు.

కారణం: గూగుల్ వెతికి చూపిస్తుందంతే, ఫోటో తీసింది ఇంకెవరో. వాట్సాప్ గ్రూపులో వచ్చినదైనా అంతే.

పరిష్కారం: ఫోటో మీద నొక్కి, అది ఉన్న అసలు పేజీ తెరవండి. అక్కడా పేరు లేకపోతే, ఫోటోతోనే వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి. అప్పటికీ తీసినవారెవరో తెలియకపోతే ఆ ఫోటో వదిలేయండి. ఉచితంగా వాడుకునే ఫోటోలుండే వికీమీడియా కామన్స్‌లో వెతికితే ఈ తిప్పలు చాలావరకు ఉండవు, దాదాపు ప్రతి ఫోటో పేజీలోనూ తీసినవారి పేరు, లైసెన్సు ఉంటాయి. క్రెడిట్ ఫోటో కిందే ఇలా రాయండి: "చేతిపంపు దగ్గర నీళ్లు పడుతున్న మహిళలు. ఫోటో: తీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బీవై-ఎస్ఏ 4.0". చివర ఉన్నది లైసెన్సు పేరు, మీ ఫోటో పేజీలో ఏది ఉంటే అది రాయండి. ఆ పేజీ లింకు కూడా ఇవ్వాలి. ఈ వివరాలన్నీ డౌన్‌లోడ్ చేసిన రోజే నోట్ చేసుకోండి. సబ్మిషన్ ముందురోజు రాత్రి వెతుక్కోవడమంత టెన్షన్ ఇంకోటి లేదు.

సమస్య: ఒక స్లైడులో ఫ్లోరైడ్ పరిమితి 1, ఇంకో స్లైడులో 1.5. ఏది తప్పు?

రెండూ తప్పు కావు. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే విలువ 1.5. గ్రూపులో ఒకరు ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట చూసి రాశారు, ఎక్కడ చూశారో ఇద్దరూ రాయలేదు. అందుకే సరైన అంకెలు కూడా తప్పుల్లా కనిపిస్తున్నాయి.

అంకె పక్కనే సంస్థ, పత్రం పేరు, సంవత్సరం రాయండి. ఆఖరి స్లైడులో పది లింకులు కుప్పపోస్తే ఏ అంకె ఏ లింకులోదో మీకే గుర్తుండదు. వీడియోలో అయితే అంకె చెప్పే క్షణంలోనే స్క్రీన్ కింద చిన్నగా వేయండి, పూర్తి వివరం డిస్క్రిప్షన్‌లో పెట్టండి.

సమస్య: రిఫరెన్సులు ఘనంగా ఉన్నాయి, వెతికితే ఆ పేపరే లేదు.

చాట్‌బాట్‌ను అడిగి రాసినప్పుడు ఇలా జరుగుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే "నల్లగొండ టెక్నిక్" నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిందని అది సరిగ్గానే చెప్పొచ్చు. దాని కిందే లేని పేపరును ఉన్నట్టు రాసివ్వొచ్చు. పేపరు పేరును, పరిశోధన పేపర్లు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో వెతకండి. మీరు తెరిచి చదవనిది జాబితాలో పెట్టొద్దు. ఏఐతో బొమ్మ గీయిస్తే ఆ సంగతీ రాయండి.

సమస్య: పాటకు క్రెడిట్ ఇచ్చినా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడింది.

పేరు రాసినంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోది వాడండి.

సమస్య: బాధితుల మాటలు వీడియోలో ఉన్నాయి, రిఫరెన్సుల్లో వాళ్లు లేరు.

వెబ్‌సైటు ఉంటేనే సోర్స్ అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. నాకు అన్నిటికంటే బాధనిపించేదీ ఇదే. మర్రిగూడ మండలంలో ఒక పెద్దమ్మ వంగిన కాళ్లు చూపిస్తూ తన బతుకంతా చెబితే, మీ ప్రాజెక్టులో అంతకు మించిన ఆధారం లేదు. రికార్డింగ్ మొదలుపెట్టకముందే అడగండి: "అమ్మా, నీ పేరు, ముఖం వీడియోల పెట్టొచ్చా? యూట్యూబ్‌ల అందరు చూస్తరు." సరేనంటే పేరు, ఊరు, తేదీ, మాట్లాడించినవారి పేరు రాయండి. పేరు వద్దంటే "మహిళ, మర్రిగూడ మండలం, ముఖాముఖి" అని, తేదీ వేస్తే చాలు. ఊరి పేరు కూడా రాయొద్దు, చిన్న ఊళ్లో ఆమె ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ముఖం వద్దంటే గొంతు మాత్రమే వాడండి. అదీ వద్దంటే ఆ క్లిప్ తీసేయండి.