గురకకు పళ్ల పరికరం: కొలత నుంచి రెండో స్లీప్ టెస్ట్ దాకా

వెల్లకిలా పడుకుని నిద్రలోకి జారగానే కింది దవడ వదులవుతుంది. దానితోపాటు నాలుక మొదలు కూడా వెనక్కి జారి గొంతులో గాలి దారిని ఇరుకు చేస్తుంది. ఆ ఇరుకులోంచి వెళ్లే గాలి మెత్తటి అంగిలిని అదరగొడితే గురక వస్తుంది. దారి మూసుకుపోయి 10 సెకన్లు, అంతకు పైగా ఊపిరి ఆగితే అది స్లీప్ ఆప్నియా. పళ్ల డాక్టర్ చేసిచ్చే పరికరం కింది దవడను కొన్ని మిల్లీమీటర్లు ముందుకు పట్టి ఉంచుతుంది, అంతే. పైపళ్లకు ఒక తొడుగు, కిందిపళ్లకు ఒక తొడుగు, రెంటినీ కలుపుతూ స్క్రూలో పట్టీలో ఉంటాయి.

గురక తగ్గితే ఊపిరి ఆగడం కూడా తగ్గిపోయినట్టే అనుకుంటారు. అలా తగ్గాలనేమీ లేదు. పక్కన పడుకున్నవాళ్లకు నిద్ర పడుతుంది గానీ, మీ రక్తంలో ఆక్సిజన్ రాత్రంతా పడుతూ లేస్తూనే ఉండొచ్చు. అందుకే ఈ పనికి ముందొక స్లీప్ టెస్టు, తర్వాతొక స్లీప్ టెస్టు ఉండాలి.

ముందు టెస్టు, తర్వాతే పళ్ల అచ్చు

స్లీప్ టెస్ట్ రిపోర్టులో చూడాల్సిన అంకె ఏహెచ్‌ఐ. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, బాగా తగ్గిందో అది చెబుతుంది. 5 నుంచి 15 లోపు స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. మొదటి రెండింటికీ పళ్ల పరికరం బాగా పనికొస్తుంది. తీవ్రమైతే ముందు సీప్యాప్ (మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పెట్టి దారి తెరిచి ఉంచే) మిషనే; అది ఎంత ప్రయత్నించినా పడనివాళ్లకు పరికరం రెండో దారి. మెదడు నుంచి సంకేతం రాక ఊపిరి ఆగే రకానికి ఇది పనిచేయదు. వెల్లకిలా ఎంత, పక్కకు తిరిగితే ఎంత అని అంకెలు విడివిడిగా ఉన్నాయేమో కూడా చూడండి. వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువైతే పరికరంతోపాటు పక్కకు తిరిగి పడుకునే అలవాటూ చేసుకోవాలి.

విశాఖ స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో నైట్ షిఫ్టులు చేసేవాళ్లు టెస్టును మామూలుగా తాము పడుకునే వేళకే పెట్టించుకోవాలి. ముక్కు ఎప్పుడూ మూసుకుపోయే వాళ్లు ముందు పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో, తెలిసిన ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరో చూపించుకోవాలి. నోట్లో పరికరం ఉన్నప్పుడు గాలి ముక్కులోంచే హాయిగా ఆడాలి.

నోరు సిద్ధంగా ఉందా

పైన, కింద కనీసం ఎనిమిదేసి గట్టి పళ్లుంటే పట్టు బాగుంటుంది. కదిలే పళ్లు, చిగుళ్ల జబ్బు, దవడ కీలు నొప్పి ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. ఫిల్లింగులు, క్రౌన్లు వేయించుకోవాలంటే అచ్చు తీయకముందే పూర్తి చేయాలి. తర్వాత వేస్తే పరికరం ఆ పన్ను మీద కూర్చోదు. గుట్కా వల్ల నోరు సరిగా తెరుచుకోనివాళ్లకు అచ్చు తీయడమే కష్టం. మన ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే పెద్దవాళ్లయితే అంగిలి మీద మచ్చలు, పుండ్లు ఉన్నాయేమో ఈ వంకతోనైనా చూపించండి. రుషికొండ గీతం, సంగివలస అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీల్లో అడగాల్సింది ప్రోస్తోడాంటిక్స్ (కట్టుడు పళ్ల) విభాగాన్ని.

కొలత

అచ్చు సిలికాన్‌తోగానీ స్కానర్‌తోగానీ తీస్తే మేలు. ఆల్జినేట్‌తో తీస్తే తడి ఆరి కుంచించుకుపోతుంది కాబట్టి వెంటనే అందులో రాతిపొడి (డెంటల్ స్టోన్) కలిపి పోయాలి. చివరి దవడ పళ్ల దాకా, చిగురు అంచు స్పష్టంగా రావాలి.

అసలు పని దవడ కొలతలో ఉంది. జార్జ్ గేజ్ అనే స్కేలును ముందుపళ్ల మధ్య పెట్టి దవడను పూర్తిగా వెనక్కి, తర్వాత పూర్తిగా ముందుకు జరపమంటారు. వెనక్కి -3, ముందుకు +8 వచ్చిందనుకోండి. మొత్తం జరుగుడు 11 మిల్లీమీటర్లు. అందులో 60 శాతం అంటే 6.6, -3 నుంచి లెక్కేస్తే +3.6 దగ్గర మొదలుపెట్టాలి. సాధారణంగా 50 నుంచి 70 శాతం మధ్య ఎక్కడో మొదలుపెడతారు. మొత్తం జరుగుడు 5 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఫలితం మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు. ముందుకు జరిపినప్పుడు దవడ ఒక పక్కకు వంకరగా పోతే అదీ రాయించాలి, లేకుంటే పరికరం ఒకే కీలు మీద భారం వేస్తుంది.

వేడినీళ్లలో ముంచి కొరికే ఆన్‌లైన్ సరుకులో ఈ కొలత ఉండదు, చాలావాటిలో కొద్దికొద్దిగా ముందుకు జరిపే వీలూ ఉండదు. కొన్నాళ్లకే వదులై నిద్రలో ఊడొస్తుంది. అదే తక్కువ ఖర్చు అనుకోకండి.

తొడిగిన రోజు, తర్వాతి వారాలు

నాలుకతో నెడితే ఊడకూడదు, వేళ్లతో లాగితే రావాలి. నొక్కితే ఊగకూడదు. ఒకే పన్ను బిగుసుకున్నట్టుంటే కుర్చీలో ఉన్నప్పుడే చెప్పండి; లోపల కొద్దిగా అరగదీస్తే సరిపోతుంది.

మొదటి వారం స్క్రూ ముట్టుకోకుండా అలవాటు పడాలి. లాలాజలం కారడం, లేదా నోరు ఎండిపోవడం కొద్దిరోజులుంటుంది. తర్వాత వారానికి అర మిల్లీమీటరు మించకుండా, రెండు పక్కలా సమానంగా జరపాలి. స్క్రూ ఒక చుట్టుకు ఎంత జరుగుతుందో పరికరాన్ని బట్టి మారుతుంది, అడిగి రాసుకోండి. తేదీ, ఎన్ని చుట్లు, గురక, పొద్దున్న దవడ ఎలా ఉందో ఒక కాగితం మీద పెట్టండి. తీసేసిన గంట తర్వాత కూడా దవడ నొప్పి ఉంటే ఒక మెట్టు వెనక్కి తిప్పి, తగ్గాకే మళ్లీ ముందుకు. తొందరపడి ఒక్కసారిగా తిప్పినవాళ్లే నొప్పితో పరికరాన్ని అటకెక్కిస్తారు.

పొద్దున్న తీయగానే వెనకపళ్లు ఒకదానికొకటి తగలవు. దీనికిచ్చే చిన్న ప్లాస్టిక్ ముక్కను ఐదు పది నిమిషాలు కొరికి పట్టుకుంటే దవడ చోటికొస్తుంది. టిఫిన్ వేళకీ కలవకపోవడం రోజూ జరుగుతుంటే డాక్టర్‌కు చెప్పాలి. ఏళ్ల తరబడి వాడితే పళ్ల కలయిక కొద్దిగా మారుతుంది, ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

పగటి మగత, గురక తగ్గి, ఇంక జరపనక్కర్లేదనిపించాక పరికరం నోట్లో ఉంచుకునే రెండో స్లీప్ టెస్ట్ చేయించుకోవాలి. ఆ రిపోర్టు వచ్చేదాకా మగతతో హైవే మీద రాత్రి డ్రైవింగ్ వద్దు.

శుభ్రత, డబ్బు

చన్నీళ్లు, మెత్తటి బ్రష్, కాస్త సబ్బు చాలు. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది, వేడినీళ్లు ఆకారం వంచేస్తాయి. విశాఖ ఉక్కలో తడిగా డబ్బాలో మూసిపెడితే వాసన పట్టేస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టండి. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో మాత్రం ఎప్పుడూ వద్దు.

డబ్బు కట్టేముందు అడగాల్సినవి: ఎన్ని సర్దుబాట్లు ఆ ఫీజులోనే చేస్తారు, స్క్రూ విరిగితే ఎవరు మారుస్తారు, అచ్చులు భద్రపరుస్తారా, రెండో స్లీప్ టెస్ట్ ఖర్చు వేరా. బరువు బాగా పెరిగినా, గురక తిరిగొచ్చినా టెస్టు మళ్లీ చేయించాల్సిందే, కాబట్టి ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.