ఆర్కిటెక్టుతో పనిచేయడం – 3వ పాఠం: తొలి స్కెచ్‌ను లెక్కతో చదవడం

గత పాఠంలో అవసరాల పత్రం రాసుకున్నాం: ఎన్ని ఇళ్లు, ఎలాంటి కుటుంబాలకు, అమ్మకానికా అద్దెకా, ఖర్చు ఎంత దాటకూడదు. అది చదివి ఆర్కిటెక్టు తొలి స్కెచ్‌లు తెచ్చారనుకుందాం. చాలామంది పెట్టుబడిదారులు ఎలివేషన్ (భవనం బయటికి ఎలా కనిపిస్తుందో చూపే బొమ్మ) చూసి బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఎలివేషన్ పక్కన పెట్టి, ఫ్లోర్ ప్లాను, విస్తీర్ణాల పట్టిక ముందేసుకోండి. మీ రాబడి చాలావరకు ఈ రెండు కాగితాల్లోనే తేలిపోతుంది.

మొదట ఒక చిన్న భాగహారం. అమ్మగలిగే లేదా అద్దెకివ్వగలిగే విస్తీర్ణాన్ని మొత్తం కట్టడ విస్తీర్ణంతో భాగించండి. 2,000 చదరపు మీటర్లు కట్టి 1,560 అమ్మగలిగితే 78 శాతం. అదే 2,000లో 1,680 అమ్మగలిగితే 84. ఖర్చు దాదాపు ఒకటే, డబ్బు తెచ్చే చోటు మాత్రం 120 చదరపు మీటర్లు ఎక్కువ. మిగతాదంతా కారిడార్లు, మెట్లు, లిఫ్టులు, డక్టులు (పైపులు, వైర్లు వెళ్లే నిలువు సందులు) తినేస్తాయి. రెండు స్కెచ్‌లను పోల్చేటప్పుడు కొలిచిన పద్ధతి ఒకటేనా అని తప్పక అడగండి. ఒకదాంట్లో బాల్కనీలు కలిపి, ఇంకోదాంట్లో వదిలేస్తే ఆ పోలిక చెల్లదు.

అలాగని శాతం పెంచడమే పనిగా పెట్టుకోవద్దు. కారిడార్‌ను ఇరుకు చేసి, వెలుతురు రాని గదులు దూర్చి సంపాదించిన విస్తీర్ణానికి కొనేవాళ్లు మంచి ధర ఇవ్వరు. మెట్ల వెడల్పు, అగ్నిప్రమాదంలో బయటపడే దారులు అసలు బేరమాడే విషయాలే కావు.

తర్వాత ఆకారం. 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న అంతస్తుకి బయటి గోడ 80 మీటర్లు. 40 పొడవు, 10 వెడల్పు ఉంటే విస్తీర్ణం అదే 400, గోడ మాత్రం 100 మీటర్లు. అంటే పావు వంతు అదనం. కానీ సన్నటి భవనంలో ప్రతి గదికీ గాలీ వెలుతురూ అందుతాయి. కాబట్టి ‘ఈ ఆకారమే ఎందుకు?’ అని అడిగి, ఆర్కిటెక్టు చెప్పే కారణం పూర్తిగా వినండి.

కింద పార్కింగ్ ఉంటే పిల్లర్ల మధ్య దూరం కొలవండి. కారుకు 2.5 మీటర్ల వెడల్పు చొప్పున మూడింటికి 7.5 మీటర్ల ఖాళీ కావాలి. అర మీటరు తగ్గినా అక్కడ రెండు కార్లే పడతాయి. వంటగదులు, బాత్రూములు అన్ని అంతస్తుల్లో ఒకదాని కింద ఒకటి వస్తున్నాయో లేదో కూడా చూడండి.

ఇక మాట్లాడే తీరు. నా దృష్టిలో ఈ పాఠానికి ప్రాణం ఇదే. ‘ఈ గోడ జరపండి’ అనకండి. ‘మంచం వేస్తే అల్మరా తలుపు తెరుచుకోవడం లేదు’ అనండి. ఇబ్బంది చెప్పడం మీ పని, దారి వెతకడం వారి విద్య. మీరు జరిపించిన గోడ కింద బీము లేకపోవచ్చు, పక్క గది కిటికీ మూసుకుపోవచ్చు. భాగస్వాములుంటే ముందు మీలో మీరు తేల్చుకుని, ఒక్కరే మాట్లాడండి. అనుకున్నవన్నీ అదే రోజు రాసి పంపండి.

మార్పులకు ఇదే అదను, ఇప్పుడు పోయేది కాగితమే. సిడ్నీ ఒపెరా హౌస్ పనులు పైకప్పు డిజైను తేలకముందే 1959లో మొదలయ్యాయి. ఆ బరువుకు చాలక, ముందు కట్టిన స్తంభాలను తీసి మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆర్కిటెక్టు యోర్న్ ఉట్జోన్ 1966లో తప్పుకున్నారు. సుమారు 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనా, 1973లో పూర్తయ్యేసరికి 10 కోట్లు దాటింది. స్కెచ్ ఖరారై, వివరమైన డ్రాయింగులు చేతికొచ్చేదాకా తవ్వకం మొదలుపెట్టకండి.

అభ్యాసం: ఏదైనా అపార్ట్‌మెంట్ ఫ్లోర్ ప్లాను తీసుకోండి. రాబడినిచ్చే చోటుకి ఒక రంగు, నడిచే చోటుకి ఒకటి, డక్టులు, లిఫ్టులకి మరొకటి వేసి శాతాలు కట్టండి. నాలుగో పాఠంలో ఆర్కిటెక్టు ఫీజు, ఒప్పందం చూద్దాం. ఆ కాగితం దగ్గరుంచుకోండి, అక్కడ పనికొస్తుంది.