ఎల్క్ ట్యాగ్‌కు డబ్బు కట్టే ముందే దారి చూసుకోండి

ఉద్యోగాల మీద కొలరాడో, వయోమింగ్, మోంటానా వైపు వచ్చి స్థిరపడిన మనవాళ్ళలో కొందరు ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకు వెళ్తున్నారు. మొదటిసారి ఆఫీసులో తోటివాళ్ళు తీసుకెళ్తారు, మరుసటి ఏడు సొంతంగా దరఖాస్తు పెట్టుకుంటారు. అప్పటి నుంచి టెన్షన్ అంతా ఒక్కదాని మీదే: ట్యాగ్ వస్తుందా, రాదా? దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ యూనిట్‌లో, అంటే వేట కోసం రాష్ట్రం గీత గీసి విడగొట్టిన ప్రాంతంలో, మీరు కాలు పెట్టడానికి చట్టప్రకారం దారి ఉందా?

ట్యాగ్ అంటే ఫలానా యూనిట్‌లో, ఫలానా తేదీల్లో, ఫలానా ఆయుధంతో ఒక్క జంతువును వేటాడే హక్కు మాత్రమే. ఎవరి నేల మీదైనా నడిచే హక్కు దానితో రాదు. ఈ తేడా తెలియక ఏడెనిమిది వందల డాలర్లు ట్యాగ్‌కు పోసి, వారం సెలవు పెట్టి, చివరికి కంచె ఇవతల నిలబడి అవతల మేస్తున్న మందను బైనాక్యులర్స్‌లో చూసి వచ్చేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు. సీజన్ మొదలై తుపాకుల చప్పుడు వినిపించగానే ఎల్క్ పబ్లిక్ ల్యాండ్ వదిలి, వేట ఒత్తిడి లేని ప్రైవేటు రాంచ్‌లలోకి (పశువులు పెంచే పెద్ద క్షేత్రాల్లోకి) వెళ్ళిపోతాయి. ఇది కొత్త సంగతి కాదు, ఇక్కడి వేటగాళ్ళ ప్రధాన బాధల్లో ఒకటి.

ఇంకో చిక్కు, గడువులు చలికాలంలోనే వచ్చేస్తాయి. వయోమింగ్‌లో బయటి రాష్ట్రాల వాళ్ళకు ఎల్క్ దరఖాస్తు ఫిబ్రవరి మొదట్లోనే ముగుస్తుంది. మోంటానాలో ఏప్రిల్ 1, కొలరాడోలో ఏప్రిల్ మొదటి వారం. వేట మాత్రం సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా. అంటే నేల మంచు కింద ఉన్నప్పుడే యూనిట్ ఎంచుకోవాలి. అందుకే డిసెంబర్, జనవరి నెలల్లో మ్యాప్ ముందు కూర్చోండి. ట్యాగ్ వచ్చాక జూలై, ఆగస్టుల్లో ఒకసారైనా వెళ్ళి ఆ దారిని నడిచి చూడండి.

మ్యాప్‌లో ఏం చూడాలి

అమెరికా పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమి అపారం. ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎం (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్) చేతిలోనే దాదాపు 24.5 కోట్ల ఎకరాలు, ఫారెస్ట్ సర్వీస్ కింద మరో 19.3 కోట్ల ఎకరాలు ఉన్నాయి. మ్యాప్‌లో రంగులు చూస్తే ఎక్కడికైనా వెళ్ళొచ్చనిపిస్తుంది. కానీ చుట్టూ ప్రైవేటు రాంచ్‌లు ఉండి, చట్టప్రకారం ఏ దారీ లేని ప్రభుత్వ భూమి కూడా లక్షల ఎకరాల్లో ఉంది. మన ఊళ్ళలో నాలుగు వైపులా వేరేవాళ్ళ పొలాలుండి, నక్షాలో ఉన్న డొంక నేల మీద లేకపోతే పొలం గలవాడు పడే అవస్థ ఎలాంటిదో, ఇదీ అలాంటిదే.

వయోమింగ్ దక్షిణ భాగంలో ఇది మరీ ఎక్కువ. 1862 నాటి పసిఫిక్ రైల్‌రోడ్ చట్టం కింద పట్టాలకు రెండు వైపులా భూమిని చదరపు మైలు సెక్షన్లుగా విడగొట్టి, బేసి సంఖ్యవి రైల్వే కంపెనీకి ఇచ్చారు, సరి సంఖ్యవి ప్రభుత్వం ఉంచుకుంది. అందుకే ఒక గడి ప్రభుత్వానిది, పక్క గడి ప్రైవేటుది. దీన్నే చెకర్‌బోర్డ్ అంటారు. రెండు ప్రభుత్వ గడులు ఒకదానికొకటి తగిలేది మూల దగ్గర మాత్రమే. ఆ మూల దాటడం నేరమా కాదా అన్న ప్రశ్నకు చాలా ఏళ్ళు తేలికైన జవాబు లేదు.

2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్ళు వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేలను తాకకుండా, ఒక ప్రభుత్వ గడి మూల నుంచి ఇంకో గడి మూలలోకి దిగారు. వాళ్ళ మీద క్రిమినల్ కేసు పెడితే 2022లో జ్యూరీ నిర్దోషులని తేల్చింది. రాంచ్ యజమాని 70 లక్షల డాలర్లకు పైగా నష్టం జరిగిందంటూ సివిల్ కేసు వేశారు. 2023లో ఫెడరల్ జిల్లా కోర్టు, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ళ కోర్టు వేటగాళ్ళ వైపే తీర్పు ఇచ్చాయి. పబ్లిక్ ల్యాండ్‌కు దారి మూసేయకూడదన్న 1885 నాటి ఫెడరల్ చట్టం ఆ తీర్పుకు ఆధారం. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు, దాంతో తీర్పు నిలిచింది.

దీన్ని విని చాలామంది "ఇక మూలలు దాటొచ్చట" అంటున్నారు. అంత తొందర వద్దు. ఆ తీర్పు చెల్లేది పదో సర్క్యూట్ పరిధిలోని వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సస్, ఓక్లహోమాలకే. మోంటానా, ఐడహో, నెవాడా తొమ్మిదో సర్క్యూట్ కిందకు వస్తాయి. మోంటానా వన్యప్రాణి శాఖ ఇప్పటికీ మూల దాటడం చట్టవిరుద్ధమనే చెబుతోంది. పైగా ఆ తీర్పు ఫెడరల్ భూమి గురించి. రాష్ట్ర ట్రస్ట్ భూమి (రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని భూమి) మూలకు కూడా అదే వర్తిస్తుందని మీ అంతట మీరు అనుకోవద్దు. ప్రైవేటు నేల మీద ఒక్క అడుగు పడినా లెక్క మారుతుంది. సర్వేవాళ్ళు పాతిన గుర్తు కంటికి కనిపించకపోతే, ఫోన్‌లోని చుక్కను నమ్మి దాటకండి. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపించడం మామూలే. మూల దగ్గర ఆ కొన్ని మీటర్లే కేసు.

ఏ నేల ఎవరిదో చూపించే ఆన్‌ఎక్స్ లాంటి యాప్ తప్పకుండా పెట్టుకోండి. సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, బీఎల్ఎం పేపర్ మ్యాప్ ఒకటి బండిలో ఉంచండి. మ్యాప్‌లో రోడ్డు గీత కనిపించినంత మాత్రాన అది పబ్లిక్ రోడ్డు కాదు. అది కౌంటీ రోడ్డా, ప్రైవేటు రోడ్డా అని కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. ఫారెస్ట్ సర్వీస్ భూమిలో ఏ రోడ్డు మీద ఏ బండికి, ఏ నెలల్లో అనుమతి ఉందో వాళ్ళే ఉచితంగా మ్యాప్ ఇస్తారు. కొలరాడోలో రాష్ట్ర ట్రస్ట్ భూములన్నీ వేటకు తెరిచి ఉండవు, వన్యప్రాణి శాఖ లీజుకు తీసుకున్నవి మాత్రమే.

కంచె లేదు, బోర్డు లేదు కాబట్టి వెళ్ళొచ్చన్న మాట పూర్తిగా మర్చిపోండి. కొలరాడోలో ప్రైవేటు నేల మీద వేటకు అనుమతి తీసుకోవాల్సిన బాధ్యత మీదే, యజమాని బోర్డు పెట్టాల్సిన పని లేదు. వయోమింగ్‌లోనూ అనుమతి కావాలి. మోంటానాలో పెద్ద జంతువుల వేటకు బోర్డు ఉన్నా లేకపోయినా అడగాల్సిందే.

అడిగితే ఇస్తారు, కానీ ఎప్పుడు అడగాలి

సీజన్ మొదటి రోజు తెల్లవారుజామున రాంచ్ గేటు తట్టే మనిషికి ఎవరూ అనుమతి ఇవ్వరు. జూన్, జూలైల్లో పగటిపూట వెళ్ళండి, కామో (వేటకు వేసుకునే ఆకుల రంగు) బట్టలు వేసుకోకుండా వెళ్ళండి. పేరు, ఫోన్ నంబర్, బండి నంబర్, ఎంతమంది వస్తారో, ఏ తేదీల్లో వస్తారో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. మన యాస విని వాళ్ళు కాస్త తటపటాయించొచ్చు, దాన్ని మనసులో పెట్టుకోవద్దు. ఆ ఏడు కాదంటే మర్యాదగా థాంక్స్ చెప్పి రండి, మళ్ళీ ఏడు వెళ్ళండి. రాంచ్‌వాళ్ళకు వేటగాళ్ళంటే విసుగు పుట్టించేది తెరిచి వదిలేసిన గేట్లు, తడి రోడ్డు మీద పడిన టైర్ల గాడులు. మూసి ఉన్న గేటును మూయాలి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచాలి. అనుమతి దొరికితే రాతపూర్వకంగా తీసుకుని జేబులో ఉంచుకోండి.

ముఖాముఖి అడగడం ఇబ్బంది అనిపించేవాళ్ళకు రాష్ట్రాలు నడిపే పథకాలున్నాయి. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ కింద, వయోమింగ్‌లో యాక్సెస్ యస్ కింద రైతులు తమ నేలను వేటకు తెరిచి ఉంచుతారు. కొలరాడోలో నడిచి వెళ్ళి వేటాడే వాక్-ఇన్ ప్రాంతాలున్నాయి. ఒక్కో చోట నియమాలు ఒక్కోలా ఉంటాయి, కొన్నిచోట్ల ముందే రిజర్వేషన్ కావాలి. కొత్తగా వచ్చినవాళ్ళు వీటితో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ట్యాగ్ దగ్గర మనవాళ్ళు పడే చిక్కులు

ఉద్యోగం మారి రాష్ట్రం మారినవాళ్ళు ముందు రెసిడెంట్ లెక్క చూసుకోండి. కొలరాడోలో ఆరు నెలలు, మోంటానాలో 180 రోజులు, వయోమింగ్‌లో ఏడాది నివాసం ఉండాలి. డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది కదా అని రెసిడెంట్ ట్యాగ్ తీసుకుంటే అది కేసు. ధర తేడా చాలా ఎక్కువ కాబట్టి వార్డెన్లు (వన్యప్రాణి శాఖ అధికారులు) దీన్ని గట్టిగానే పట్టుకుంటారు.

వయోమింగ్‌లో ఇంకో నియమం బయటివాళ్ళను తరచూ దెబ్బతీస్తుంది. ఫెడరల్ వైల్డర్‌నెస్ (రోడ్లు, బండ్లు లేకుండా కాపాడే అడవి) ప్రాంతాల్లో బయటి రాష్ట్రం వాళ్ళు పెద్ద జంతువులను వేటాడాలంటే లైసెన్సు ఉన్న గైడ్ అయినా ఉండాలి, లేదా అందుకు ఉచిత పర్మిట్ తీసుకున్న వయోమింగ్ నివాసి అయినా వెంట ఉండాలి. మీకు ట్యాగ్ వచ్చిన యూనిట్‌లో సగం వైల్డర్‌నెస్ అయితే, గైడ్ లేకుండా మీకు మిగిలేది సగమే. దరఖాస్తుకు ముందే ఆ గీత ఎక్కడుందో చూడండి.

కొలరాడోలో బయటి రాష్ట్రం వాళ్ళు ఆర్చరీ (విల్లుతో వేట) ఎల్క్ ట్యాగ్‌ను ఒకప్పుడు నేరుగా కౌంటర్‌లో కొనేవారు. ఐ-25 హైవేకు పడమర ఉన్న యూనిట్లలో 2025 నుంచి అది పోయింది, డ్రాలోనే (లాటరీలోనే) రావాలి. పాత వీడియోలు చూసి ప్లాన్ వేసుకోకండి, ఆ ఏడాది బ్రోచర్ తెరవండి.

ల్యాండ్‌ఓనర్ ట్యాగులు కొనేవాళ్ళకు ఒక మాట. న్యూ మెక్సికోలో రాంచ్ యజమానులకు వచ్చే ఎల్క్ ట్యాగుల్లో కొన్ని యూనిట్ మొత్తానికి చెల్లుతాయి, కొన్ని ఆ రాంచ్ లోపల మాత్రమే. వేల డాలర్లు పోసే ముందు అది ఏ రకమో కాగితం మీద చూడండి. డబ్బు తీసుకుని వేటకు తీసుకెళ్ళే అవుట్‌ఫిటర్ దగ్గరకు వెళ్తే రాష్ట్రంలో వాళ్ళ రిజిస్ట్రేషన్, ఫారెస్ట్ సర్వీస్ పర్మిట్ రెండూ అడగండి. నిజమైనవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1, హెచ్-4 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందులో ఒక మినహాయింపు, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉండటం. లైసెన్సు చేతికి రాకముందే ఫ్రెండ్ తుపాకీ తీసుకుని రేంజ్‌లో కాల్చడం, గడువు తీరిపోయాక బండిలో తుపాకీ వదిలేయడం, రెండూ ప్రమాదమే. అరువు తెచ్చుకున్న తుపాకీ కూడా లెక్కలోకి వస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. కానీ తుపాకీ కేసులో శిక్ష పడితే వాళ్ళకూ దేశం నుంచి పంపించేసే ముప్పు ఉంది. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి, అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడిగి కాగితం మీద సమాధానం తీసుకోండి.

అనుమతి లేకుండా వేరేవాళ్ళ నేలలోకి వెళ్ళినందుకు ఇచ్చే ట్రెస్‌పాస్ టికెట్‌ను పార్కింగ్ టికెట్‌లా తీసిపారేయకండి. పౌరసత్వ దరఖాస్తులో అరెస్టులు, సైటేషన్ల (ఇలాంటి టికెట్ల) గురించి అడుగుతారు. అనుమతి లేని నేల మీద చట్టవిరుద్ధంగా కొట్టిన జంతువును రాష్ట్రం సరిహద్దు దాటించి ఇంటికి తెస్తే, 1900 నాటి లేసీ చట్టం కింద అది ఫెడరల్ నేరం కూడా కావచ్చు. ఒక రాష్ట్రంలో లైసెన్సు సస్పెండ్ అయితే, దీని మీద రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందంలో ఉన్న మిగతా రాష్ట్రాల్లోనూ ఆగిపోతుంది. దాదాపు అన్ని రాష్ట్రాలూ ఆ ఒప్పందంలో ఉన్నాయి.

గాయపడిన ఎల్క్ కంచె దాటి ప్రైవేటు నేలలో పడితే మనసు ఆగదు, వెంటనే వెళ్ళాలనిపిస్తుంది. వెళ్ళకండి. తుపాకీ ఖాళీ చేసి, యజమానికి ఫోన్ చేయండి. దొరక్కపోతే వార్డెన్‌కు చేయండి. యజమాని నంబర్ ముందు రోజే రాసి పెట్టుకోవడం అందుకే. ఇంకా మంచిది, సరిహద్దుకు దగ్గరగా నిలబడిన జంతువు మీద కాల్చకపోవడం.

బయలుదేరే ముందు

హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత నేర్పే) కోర్సు దరఖాస్తు పెట్టేముందే పూర్తి చేయండి, సీజన్ దగ్గర పడితే క్లాసుల్లో చోటు దొరకదు. కొలరాడోలో రైఫిల్ వేటకు నడుము పైభాగాన 500 చదరపు అంగుళాల ఫ్లోరసెంట్ ఆరెంజ్ లేదా పింక్, పైన అదే రంగు టోపీ తప్పనిసరి. మోంటానాలో 400 చదరపు అంగుళాల ఆరెంజ్. తొమ్మిది పదివేల అడుగుల ఎత్తులో తలనొప్పి, వాంతి వస్తే దాన్ని అలసట అనుకోకండి, కిందికి దిగండి. అక్టోబర్‌లో మధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రానికి అడుగు మంచు పడటం అక్కడ వింత కాదు. సిగ్నల్ లేనిచోట మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ పెట్టుకుని, ఎక్కడ బండి ఆపుతున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. వయోమింగ్ వాయవ్య భాగంలో, మోంటానా పడమటి కొండల్లో గ్రిజ్లీ ఎలుగుబంట్లు ఉంటాయి. బేర్ స్ప్రే బ్యాగులో కాదు, నడుముకు ఉండాలి.

మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. మాంసాన్ని అడవిలో వదిలేయడం నేరం. బండి దాకా చట్టబద్ధమైన దారి ఐదు మైళ్ళయితే, బరువు మోస్తూ ఆ ఐదు మైళ్ళు చాలాసార్లు తిరగాలి. మీరిద్దరే ఉండి, సెప్టెంబర్ వేడి ఉంటే, అంత లోపల కాల్చవద్దు. కోసేటప్పుడు మగదో ఆడదో తెలిపే ఆధారం మాంసానికి అంటిపెట్టుకుని ఉండాలి, ట్యాగ్ నియమం ప్రకారం అక్కడే కట్టాలి.

జింకలు, ఎల్క్‌లకు వచ్చే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) జబ్బు 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో మొదట బయటపడింది, ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉంది. దీనికి కారణమైన ప్రియాన్ అనే చెడిపోయిన ప్రొటీన్ ఎంత ఉడికించినా పోదు. తల, వెన్నుపూస రాష్ట్రం దాటించడం మీద చాలాచోట్ల ఆంక్షలున్నాయి, కాబట్టి ఎముకలు తీసేసిన మాంసమే తెచ్చుకోండి. శాంపిల్ పరీక్షకు ఇవ్వండి. పాజిటివ్ వస్తే తినవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. రిపోర్టు వచ్చేదాకా ప్యాకెట్ల మీద తేదీ, యూనిట్ నంబర్ రాసి ఫ్రీజర్‌లో విడిగా పెట్టండి, అప్పటిదాకా ఫ్రెండ్స్ ఇళ్ళకు ఒక్క ప్యాకెట్ కూడా పంపకండి.