ఊ కొట్టడం మానండి: జర్మనీకి కొత్తగా వచ్చిన మనవాళ్ళకు

పోయిన నెల కందుకూరు కుర్రాడొకడిని లైప్‌జిగ్‌లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. వాడు వచ్చి మూడు వారాలైంది. జ్వరం, గొంతు నొప్పి. కౌంటర్‌లో ఉన్నావిడ కాయితం ముందు పెట్టుకుని గబగబా ఏదో అడిగింది. వీడు "యా" అన్నాడు, జర్మన్‌లో అవునని. ఇంకోటి అడిగింది. "యా, యా." ఆవిడ రాసుకుంటూ పోతోంది. వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్న నాకు "పెనిసిలిన్" అన్న మాట చెవిన పడి తలెత్తాను. మీకు పెనిసిలిన్ పడదా అని ఆవిడ అడుగుతోంది. వీడు యా అంటున్నాడు.

"నీకు పెనిసిలిన్ పడదంట్రా?" అన్నాను తెలుగులో.

"ఏమో అన్నా. ఆమె అంత మర్యాదగా అడుగుతుంటే కాదనేది ఎందుకులే అని."

అందుకే ఇది రాస్తున్నా. పేరు నమోదు, బ్యాంకు, సిమ్ము, ఇన్సూరెన్సు గురించి చెప్పడానికి మీ రూమ్మేట్లు చాలామంది ఉంటారు. గ్రామర్ పుస్తకాల్లో ఉంది. నాకున్న బాధ ఒక్కటే, ఈ "యా".

ముందు నా సంగతి చెప్తా. 2016 అక్టోబరులో వచ్చా. చెన్నై గోథె ఇన్‌స్టిట్యూట్‌లో బీ1 అనే మధ్య స్థాయి జర్మన్ పరీక్ష పాసయ్యే వచ్చా. పరీక్ష కోసం పినాకిని రైల్లో నెల్లూరు నుంచి చెన్నైకి పోతూ దారి పొడుగునా బట్టీ పట్టినవాణ్ణి. చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం, నాలుగింట్లోనూ వందకి అరవై దాటాలి. దాటాను. ఆ కాయితం చూసుకుని నాకు జర్మన్ వచ్చనుకున్నాను. గోడౌన్‌లో పార్ట్‌టైమ్ పని దొరికింది. సూపర్‌వైజర్ "రేపు హాల్ప్ ఆఖ్ట్" అన్నాడు. ఆఖ్ట్ అంటే ఎనిమిది, హాల్ప్ అంటే సగం. యా అన్నాను. మర్నాడు ఎనిమిదిన్నరకి హుషారుగా పోయాను. హాల్ప్ ఆఖ్ట్ అంటే ఏడున్నర. వాళ్ళ లెక్కలో ఎనిమిదో గంట సగం అయిందని. గంట ఆలస్యంగా వచ్చి నవ్వుతూ గుడ్ మార్నింగ్ చెప్పేవాణ్ణి ఎవరుంచుకుంటారు? అసలు ఈ లైప్‌జిగ్ వైపు "ఫీర్టెల్ ఆఖ్ట్" అని ఇంకోటుంది, పావు ఎనిమిది. అది ఏడుంబావు. పుస్తకంలో చదివిన జర్మన్ వేరు, వీధిలో వినపడేది వేరు. మనం "ఎట్టా" అంటే శ్రీకాకుళం మనిషి తలగోక్కోడా, ఇదీ అంతే.

అదే చలికాలం ఇంటి తలుపు కొట్టి ఒకాయన కరెంటు గురించి ఏదో చెప్పాడు. పది నిమిషాలు యా యా అన్నాను, చివర్లో సంతకం కూడా పెట్టాను. కరెంటు కంపెనీ మారిపోయింది, బిల్లు పెరిగింది. గుమ్మంలో కుదుర్చుకున్న అలాంటి ఒప్పందాన్ని 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుందని నాకు తెలిసేసరికి రెండు నెలలు గడిచాయి. మీరన్నా తెలుసుకోండి.

ఎందుకంటున్నాం ఈ యా? నాకు తోచింది చెప్తా. చిన్నప్పుడు మిద్దె మీద పడుకుని అవ్వ కథ చెప్తుంటే ఏం చేసేవాళ్ళం? ఊ కొట్టేవాళ్ళం. ఊ అనకపోతే "నిద్రపొయ్యావా అబ్బయా" అని కథ ఆపేసేది. మనకి ఊ అంటే వింటున్నానని. ఒప్పుకున్నానని కాదు, అర్థమైందని కూడా కాదు. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఆపి "ఏందీ?" అనడం మనకు అమర్యాద. ఆ ఊ నే తీసుకొచ్చి ఇక్కడ యా చేశాం. జర్మన్‌వాళ్ళు కూడా మాటల మధ్యలో యా అంటారు. కానీ ప్రశ్న అడిగాక యా అంటే అది జవాబు. రాసేసుకుంటారు. దానికి తోడు మన తల ఊపుడు ఒకటి, అవునో కాదో దేవుడికే తెలియాలి.

కాబట్టి విమానం దిగాక నేర్చుకోవాల్సిన మొదటి మాట "డాంకె", అంటే థాంక్స్, కాదు. "వీ బిట్టె?" ఏమన్నారూ అని. రెండోది "లాంగ్‌జామ్ బిట్టె", మెల్లగా అని. మూడోది "ఇష్ హాబె డాస్ నిష్ట్ ఫెర్‌ష్టాండెన్", నాకది అర్థం కాలేదు. అద్దం ముందు నిలబడి నూరుసార్లు అనండి, సిగ్గు పోయేదాకా. ఫోన్లో అయితే ఇంకా అవసరం, అక్కడ తల ఊపినా కనపడదు.

వీటికంటే మేలైనది ఇంకోటుంది. వాళ్ళు చెప్పింది మీ మాటల్లో తిప్పి చెప్పడం. హాల్ప్ ఆఖ్ట్ అన్నాడా? "అంటే, జీబెన్ ఊర్ ద్రైసిష్?" అని అడగాలి, ఏడూ ముప్పయ్యేనా అని. తప్పయితే అక్కడే దిద్దుతాడు. అంకెలు వచ్చిన ప్రతిసారీ ఇది చేయండి. నలభై అయిదుని వాళ్ళు "అయిదూ నలభై" అంటారు, ఒకట్లు ముందు, పదులు తర్వాత. 54 ప్లాట్‌ఫారం మీద నిలబడి 45 బస్సు కోసం చూసినవాళ్ళు నాకు తెలుసు. ఎవరని అడగొద్దు.

ఇంకో తలనొప్పి ఉంది. మీరు తడబడగానే వాళ్ళు ఇంగ్లీషులోకి మారిపోతారు. మంచితనమే, కానీ మీ కొంప ముంచేది అదే. "బిట్టె ఔఫ్ డాయిచ్" అనండి, దయచేసి జర్మన్‌లోనే అని. చాలామంది సంతోషిస్తారు. విసుక్కునేవాళ్ళు ఉంటే విసుక్కోనీయండి. నలుగురు తెలుగువాళ్ళు ఒక గదిలో, ఆఫీసులో ఇంగ్లీషు, రాత్రికి పప్పుచారు, ఆదివారం క్రికెట్. ఇలా ఆరేళ్ళున్నవాళ్ళు ఉన్నారు. బేకరీలో ఇప్పటికీ వేలితో చూపించి బ్రెడ్డు కొంటారు.

మాటలు గుర్తుండటం గురించి రెండు ముక్కలు. ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీ పట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తన మీదే లెక్క కట్టి 1885లో అచ్చేశాడు. మొదటి గంటల్లోనే చాలా పోతుంది. తిరగేసిన కొద్దీ నిలుస్తుంది, అది కూడా రోజులు ఎడం ఇచ్చి తిరగేస్తే. చేపల పులుసు వండిన పూట కంటే మర్నాటికి కదా రుచి. 1970లలో లైట్నర్ అనే ఆయన దీనికి అరల పెట్టె చెప్పాడు. చీటీ మీద ఒక వైపు మాట, వెనక అర్థం. వచ్చిన చీటీ తర్వాతి అరకు పోతుంది, దాన్ని కొన్నాళ్ళాగి చూస్తాం. రాని చీటీ మళ్ళీ మొదటి అరకు వస్తుంది, రోజూ చూడాలి. నా పెట్టె మా అమ్మ పంపిన నెల్లూరు మలైకాజా డబ్బా, మధ్యలో అట్టముక్కలు. మొదటి ఏడాది చీటీలకి ఇంకా నెయ్యి వాసన.

చీటీ మీద ఉత్త మాట రాస్తే దండగ. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ ముందు డెర్ (మగ), డీ (ఆడ), డాస్ (రెండూ కాదు) అని ఒకటి ఉంటుంది, దాన్ని కలిపే రాయాలి. చెంచా మగ, ఫోర్కు ఆడ, కత్తి రెండూ కాదు. "ఇదేం భాషన్నా, అమ్మాయిని డాస్ అంటారా" అని నవ్వుతారు కొత్తవాళ్ళు. పాప వచ్చింది, బస్సు వచ్చింది అనే మనమా నవ్వేది?

ఒక్క చోట మాత్రం తెలుగువాడికి కలిసొస్తుంది, ఎవరూ చెప్పరు. "వైల్" అనే మాట, అంటే ఎందుకంటే, అది రాగానే క్రియ వాక్యం చివరికి పోతుంది. "వైల్ ఇష్ క్రాంక్ బిన్." నేను జబ్బుగా ఉన్నాను, ఉన్నాను చివర్లో, మనలాగే. ఇంగ్లీషులో అనుకుని జర్మన్‌లోకి మారిస్తే క్రియ మధ్యలో ఇరుక్కుంటుంది. అక్కడ తెలుగులో ఆలోచించండి. మీరు, నువ్వు తేడా కూడా మనకు కొత్త కాదు. తెలియని పెద్దవాళ్ళని "జీ" అనండి, వాళ్ళే "డూ" అనమనేదాకా.

ఇప్పుడు సెలవుకొచ్చి నెల్లూరులో, మాగుంట లేఅవుట్‌లో మా అక్కవాళ్ళింట్లో ఉన్నా. పక్కింటి అమ్మాయితో కలిపి నలుగురు నర్సింగ్ పిల్లలు సాయంత్రం వస్తున్నారు. జర్మనీలో నర్సుగా గుర్తింపుకి మామూలుగా బీ1 పై మెట్టు, బీ2 అడుగుతారు, దానికి చదువుతున్నారు. పుస్తకం వాళ్ళ సారు చెప్తారు. నేను ఆడించేది ఒకటే ఆట. నేను రోగి కథ చెప్తా, జర్మన్‌లో, వేగంగా. ఎవరూ ఊ కొట్టకూడదు. ప్రతి రెండు వాక్యాలకీ ఎవరో ఒకరు ఆపి అడగాలి. మధ్యలో నేను లేని మాట ఒకటి కల్పించి దూరుస్తా. దాన్ని పట్టుకోకుండా వదిలేసినవాళ్ళు అందరికీ టీ పెట్టాలి. మొదటి రోజు "ప్లుంబెల్" అని ఒక మాట దూర్చా, రోగికి ఎడమ ప్లుంబెల్ నొప్పి అని. నలుగురూ బుద్ధిగా రాసుకున్నారు. నాలుగు రోజులు టీ తాగాం. అయిదో రోజు వాళ్ళలో అందరికంటే నెమ్మదైన పిల్ల, కావలి అమ్మాయి, చెయ్యెత్తి "వీ బిట్టె?" అంది. అది నిజమైన మాటే అయినా అడిగింది. నేర్పేవాడికి అంతకంటే ఏం కావాలి. ఆ పూట టీ నేను పెట్టా.

భయపెడుతున్నానని మా అక్క అంటోంది. సరే, చెప్తా. మూడు నెలలు ఏమీ అర్థం కాదు. తర్వాత ఒక రోజు ట్రామ్‌లో వెనక సీటువాళ్ళ గొడవ ఉన్నట్టుండి అర్థమవుతుంది. నాకు ఎనిమిదో నెలలో అయింది. కొందరికి ముందే అవుతుంది. 1865లో నెల్లూరులో దిగిన అమెరికా మిషనరీ జాన్ క్లాఫ్ కూడా మర్నాడే ఒంగోలు పోలేదు, 1866లో పోయేదాకా ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్నాడు. మన భాష వాళ్ళకి రాగా లేంది వాళ్ళది మనకి రాదా. వస్తుంది. పోనీ, తప్పకుండా వస్తుంది. చాలా?

నిన్న కందుకూరు కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఈ రోజు ఆఫీసులో వీ బిట్టె తొమ్మిదిసార్లు అన్నా. చివర్లో ఆమె కాయితం మీద రాసిచ్చింది."

"ఏం రాసింది?"

"చదవలేకపోయా అన్నా. ఆ చేతిరాత అట్టుంది."

"మరి?"

"ఇంకోసారి వీ బిట్టె అన్నా."