మడత తెరచాప స్తంభాన్ని దించడం, నిలపడం

తెరచాప పడవ మీద, అడుగునున్న ఇరుసు మీద వెనక్కి పడుకోబెట్టగలిగేది మడత స్తంభం. దాన్ని దించేటప్పుడు అందరూ దాని బరువుకే భయపడతారు కానీ, నష్టం ఎక్కువగా జరిగేది అది పక్కకు ఒరగడం వల్ల. బరువును కప్పీలు మోస్తాయి. పక్కకు ఒరిగే స్తంభాన్ని మాత్రం అడుగునున్న ఇరుసు ఒక్కటే ఆపలేదు, దాన్ని పట్టి ఉంచిన రేకులు మెలిపడిపోతాయి.

స్తంభాన్ని అటూ ఇటూ పట్టి ఉంచే పక్క వైర్ల కింది కొసలు ఇరుసుకన్నా కిందుగానో అమరం (పడవ వెనుక భాగం) వైపుగానో ఉంటే, వెనక్కి దించేకొద్దీ వైర్లు వదులవుతాయి. అణియం (పడవ ముందు భాగం) వైపుగా ఉంటే బిగుసుకుపోతాయి. అందువల్ల ఇరుసుకు సూటిలో, అదే ఎత్తున, రెండు పక్కలా ఒక్కో రింగు అమర్చి, అక్కడి నుంచి స్తంభం నడుముకు తాళ్లు కట్టాలి. రింగులు ఇరుసు గీత మీదే ఉన్నాయి కనుక స్తంభం ఏ కోణంలో ఉన్నా ఆ తాళ్ల బిగువు మారదు. ఈ ఏర్పాటు లేకుండా ఒడ్డున కట్టేసిన పడవ మీద కూడా నేను స్తంభం ముట్టుకోను.

ఇక బరువు సంగతి. స్తంభం పడుకున్నప్పుడు, దాని తల నుంచి అణియానికి కట్టే అణియం వైరు దాదాపు దానికి సమాంతరంగా ఉంటుంది కనుక ఎంత లాగినా లేవదు. స్తంభం అడుగున ముందువైపు, దానికి లంబంగా ఒక ఎత్తుడు కర్ర నిలిపి, దాని కొసను స్తంభం తలకు ఒక తాడుతోనూ, అణియానికి కప్పీల తాడుతోనూ కలపాలి. 8 మీటర్ల పొడవు, 30 కిలోల బరువు ఉన్న స్తంభానికి 2 మీటర్ల కర్ర వాడి, తాడును ఇరుసుకు 2 మీటర్ల ముందున కడితే, మొదటి లాగుకు సుమారు 85 కిలోల బలం కావాలి. నాలుగు వరుసల కప్పీలతో అది, రాపిడిని పక్కన పెడితే, 21 కిలోలకు తగ్గుతుంది. కర్ర కూడా పక్కకు ఒరగకుండా దానికీ ఆ రింగుల నుంచే తాళ్లు కట్టాలి.

దించే ముందు తెరచాపలను, తెరచాప అడుగు అంచును పట్టే అడ్డకర్ర అయిన బూమ్‌ను తీసి, దీపం వైరు ప్లగ్గు ఊడదీసి, అమరం దగ్గర స్తంభం ఆనడానికి ఊతకర్ర పెట్టి, తల పైన కరెంటు తీగలు లేవని రెండుసార్లు చూడాలి. కప్పీల తాడు బరువు అందుకునేలా బిగించాకే అణియం వైరు పిన్ను తీయాలి. నిటారుగా ఉన్న స్తంభం తనంతట వాలదు కనుక ఒకరు వెనక్కి నెట్టాలి, మరొకరు వించికి (తాడు చుట్టి లాగే డ్రమ్ము) ఒక చుట్టు చుట్టిన తాడును మెల్లగా వదలాలి. చివరి రెండడుగులే అన్నిటికన్నా బరువు. స్తంభం కింద ఎవరూ నిలబడకూడదు.

నిలిపేటప్పుడు మధ్యమధ్య ఆగి పక్క వైర్లను బిగించే మరలైన టర్న్‌బకిళ్లను చూడాలి. ఒకసారి నేను చూడకుండా లాగాను. డెక్కు అంచున అడ్డం పడిన టర్న్‌బకిల్ మర అరటికాయలా వంగింది. తాడు హఠాత్తుగా బరువెక్కితే బలం పెంచకుండా, ఏది తగులుకుందో వెతకాలి. స్తంభం నిలిచాక అణియం వైరు పిన్ను పెట్టి, అది జారిపోకుండా దూర్చే స్ప్లిట్ పిన్ను కాళ్లు విప్పదీశాకే కప్పీల తాడు వదలాలి.